ఎల్లిగడ్డ వాసన లేని మేత

రొయ్యల్ని చూడడానికి నాందేడ్ వెళ్తున్నానంటే మా ఊరి టీ కొట్టు దగ్గర నవ్వనివాడు లేడు. మాది భీమవరం పక్క పల్లె. గుమ్మం దిగితే చెరువు, ఆ గట్టు దిగితే మరో చెరువు. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడు ఆగితే మాకు మెలకువ వచ్చేస్తుంది. అలాంటి చోట పుట్టి, ముప్ఫై ఏళ్ళు రొయ్యలతోనే బతికి, అరవై దాటాక సముద్రం మొహం చూడని మరాఠ్వాడాకి రొయ్యల కోసం ప్రయాణం కట్టానంటే ఎవరు నవ్వరు? పసుపు కొనడానికి వెళ్తున్నానని చెప్పుకుంటే పరువు దక్కుతుందని ఒకాయన సలహా కూడా ఇచ్చాడు.

నేను మాత్రం అందరికీ నిజమే చెప్పాను. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి అక్కడ సొంతంగా కుంట పెట్టింది, రొయ్యలకి జబ్బు చేస్తే నన్ను పిలిపించుకుంటోంది అని. ‘నా దగ్గర పని నేర్చుకున్న’ అన్న చోట గొంతు కాస్త పెంచేవాణ్ణని ఒప్పుకుంటాను.

ఆ అమ్మాయి పేరు గంగామణి. నాందేడ్ జిల్లాలో తెలంగాణ సరిహద్దు దగ్గర, ఉమ్రి అవతల ఒక పల్లె; ఇంట్లో తెలుగే. భర్త మారుతితో కలిసి మా చెరువుల మీద పనికొచ్చి రెండేళ్ళు ఉంది. మారుతి మోటార్లు చూసేవాడు, ఆమె మేత చల్లేది. రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలియడానికి వల పళ్ళెంలో కాస్త మేత పెట్టి నీళ్ళలోకి దించి, కాసేపటికి పైకి తీసి చూస్తాం. చెక్ ట్రే అంటాం. మిగిలినవాళ్ళు ట్రే తీసి ఒక చూపు చూసి దించేసేవారు. ఈమె మాత్రం గట్టు మీద గొంతుక్కూర్చుని ఒక్కో రొయ్యనీ అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసేది. వెల్లుల్లి, పసుపు నూరి మేతకి పట్టించడం ఆమెకి నేర్పింది నేనే. బాక్టీరియా జబ్బులు ముదరకుండా అవి కాపు కాస్తాయి, మందుల జోలికి పోవద్దు అని రోజూ పాఠం చెప్పేవాణ్ణి.

చెప్పినవాణ్ణి నేనే ఆ మాట మీద నిలబడలేదు. ఒక ఏడు జబ్బు ముదిరింది. ఎవరో తెచ్చిచ్చిన యాంటీబయాటిక్ పొట్లం విప్పి, ఎవరికీ చెప్పకుండా మేతలో కలిపాను. రొయ్యలు బతికాయి. తర్వాత పరీక్షలో మందు ఆనవాళ్ళు దొరికి సరుకంతా వెనక్కి వచ్చింది. ఊళ్ళో తలెత్తుకోలేక ఆ ఏడే చెరువు ఎండగట్టేశాను. గంగామణీ మారుతీ వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు.

ఇన్నాళ్ళకి ఆమె ఫోన్ చేసింది. “కాకా, తోకలు తినుకపోతున్నయి. గుల్లల మీద నల్ల మచ్చలు. ఇంట్ల పోళా దాకనే చూస్తమంటున్నరు.”

పోళా అంటే శ్రావణ అమావాస్య నాడు ఎడ్లకి చేసే పండగ. దానికింక తొమ్మిది రోజులుంది. ఈ ఏడు వానలు మధ్యలో మొహం చాటేశాయట. చేలో పసుపు ఎండుతోందట. పోళాలోగా రొయ్యలు తేరుకోకపోతే కుంట నీళ్ళన్నీ పసుపుకి వదిలేస్తామని మారుతి తేల్చి చెప్పాడట. మా చెరువు మీద ఉన్నప్పుడు ఆమె నన్ను సేటూ అనేది. బాబాయ్ అన్నట్టు కాకా అనడం అదే మొదటిసారి. ఆ సాయంత్రమే టిక్కెట్టు తీసుకున్నాను.

దిగవలసిన ఊరు దాటిపోయింది

సికింద్రాబాద్‌లో బండి మారాక నా ఎదుటి సీట్లో ధర్మాబాద్ ఆమె ఒకరు కూర్చున్నారు. మిరపకాయల వ్యాపారం. ఫోన్‌లో మనవడితో మరాఠీ, టీ అమ్మేవాడితో హిందీ, నాతో తెలుగు. ఏ భాషలోంచి ఏ భాషలోకి ఎప్పుడు దూకుతారో ఆవిడకే తెలియదు. మధ్యాహ్నం గుడ్డ మూట విప్పి జొన్నరొట్టె మీద ఠేచా పెట్టి నా చేతికిచ్చారు. పచ్చిమిరపకాయలు, పల్లీలు, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా దంచిన పచ్చడి అది. కారానికి గోదావరి జిల్లాలవాళ్ళు భయపడతామా అని పెద్ద ముద్ద పెట్టుకున్నాను. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతుంటే ఆవిడ ఎంతో మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశారు.

బాసర వచ్చేదాకా నా శిష్యురాలి గొప్ప చెబుతూనే ఉన్నాను. తర్వాత కడుపు నిండి కన్ను మూతపడింది. ఆవిడ ధర్మాబాద్‌లో దిగిపోయారు. ఆ తర్వాత రావలసిన ఉమ్రి కూడా వచ్చి వెళ్ళిపోయింది. కళ్ళు తెరిచేసరికి నాందేడ్ స్టేషన్‌లో జనమంతా దిగుతున్నారు.

గంగామణికి ఫోన్ చేస్తే నవ్వాపుకోలేకపోయింది. వచ్చినవాణ్ణి ఎలాగూ వచ్చాను కాబట్టి ఊరు చూసి రమ్మని, మర్నాడు ఉమ్రి స్టేషన్‌కి మారుతిని పంపిస్తానని చెప్పింది.

నాందేడ్‌లో ఒక పూట

సాయంత్రం గురుద్వారాలో భోజనానికి వరసలో కూర్చున్నాను. పప్పు, రొట్టె, పాయసం. రొట్టెలు పంచే పెద్దాయన నా ముందు ఆగాడు. నేను ఒక చెయ్యి చాపాను. ఆయన కదల్లేదు. పక్కన కూర్చున్నాయన నా రెండో చెయ్యి కూడా లేపి మొదటిదానికి జత చేశాడు. అప్పుడు రొట్టె పడింది. మా వైపు భోజనానికి కూర్చుంటే ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు అని వాకబు చేశాకే విస్తట్లో ఏదైనా పడుతుంది. ఇక్కడ అడిగింది రెండో చెయ్యి ఒక్కటే. సిగ్గుపడుతూ మూడు రొట్టెలు తిన్నాను.

గోదావరి గట్టుకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. మా దగ్గర ఆవలి ఒడ్డు మసకమసకగా ఉండే నది ఇక్కడ ఎదుటి గట్టు మీద మనిషిని పేరు పెట్టి పిలవగలిగినంత ఇరుకుగా ఉంది. ఈ నీళ్ళే మా కాలవలోకి వస్తాయని పక్కాయనతో అంటే, అయితే తమ మురికంతా మీకే అన్నమాట అని హిందీలో క్షమాపణ చెప్పాడు.

లాడ్జీకి వచ్చి సంచీ తెరిచి నెత్తి కొట్టుకున్నాను. మేతకి మందూ మాకూ అంటుకుని ఉండడానికి మా వైపు ఒక జిగురు పొడి వాడతాం. రెండు కిలోల పొట్లం మోసుకొచ్చాను. సంచిలో నీళ్ళ సీసా మూత వదులై పొట్లమంతా తడిసి, నా రెండు పంచెలూ మూడు చొక్కాలూ ఒకే ముద్దగా బిగుసుకుపోయాయి. ముప్ఫై ఏళ్ళ అనుభవజ్ఞుడి నిర్వాకం. ఆ రాత్రి బట్టలు నానబెట్టుకుంటూ గడిచింది.

పొద్దున్న ఇరవై రూపాయల పోహే తిన్నాను. అటుకులు మెత్తగా, పైన కారం కారంగా ఎర్రటి రసం. తర్వాత చేపల మార్కెట్‌కి నడిచాను. ఏటి రొయ్యలు కిలో ఆరు వందలు. మా ఊళ్ళో ఆ మాట చెబితే నన్ను దొంగ అంటారు. అమ్మే ఆవిడని చెరువు రొయ్యలు దొరుకుతాయా అని అడిగాను. “ఉమ్రి తరఫు ఒక బాయి తెస్తది, చలికాలంల. ఆమెయి మందు ఎయ్యని జింగెలు. ఆమె పేరు చెప్పి వేరేటియి అమ్ముతరు గూడ” అంది. ఆ బాయి నా దగ్గరే పని నేర్చుకుందని చెప్పాను. ఆవిడ నన్ను నెత్తి నుంచి కాళ్ళ దాకా చూసి, అయితే రెండు కిలోలు కొను అంది.

కుంట

మారుతి ఉమ్రిలో మోటారు సైకిల్‌తో నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. దారి పొడుగునా పసుపు చేలు. ఆకులు మడతపడి అంచులు ఎండుతున్నాయి. వాటి దగ్గర బండి నెమ్మది చేసి చూపించాడు.

పొలంలో తవ్వుకున్న నీటి కుంటని అక్కడ శేత్‌తళే అంటారు. అడుగున నల్ల ప్లాస్టిక్ పరిచి వాననీళ్ళు, బోరు నీళ్ళు నింపుకుంటారు. గంగామణి అందులోనే మంచినీటి నీలకంఠ రొయ్యల్ని పెంచుతోంది. గట్టు మీద అవే పాత పద్ధతులు. నాలుగు మూలలా నాలుగు ట్రేలు, కర్రకి కట్టిన తాళ్ళు, రోజువారీ మేత రాసుకునే పలక. నా గట్టు మీద కూడా ఇంత శుభ్రం ఎప్పుడూ లేదు. ట్రే తీస్తే మేత సగానికి సగం మిగిలి ఉంది. రొయ్యల మీసాలు తెగిపోయాయి, గుల్లల మీద తుప్పు పట్టినట్టు మచ్చలు, తోకల అంచులు అరిగిపోయాయి. చచ్చినవి ఒడ్డు పొడుగునా కనబడుతున్నాయి.

నేను నీళ్ళు చూశాను, అడుగు బురద చూశాను. బురద పేరుకుంది నిజమే. అయినా రెండేళ్ళు నష్టం లేకుండా పెంచిన కుంటకి హఠాత్తుగా ఇంత జబ్బు ఎందుకు చేసిందో అంతు పట్టలేదు. మేత అదేనా అని అడిగితే అదే అంది. ఆ ‘అదే’ అన్నప్పుడు నా మొహంలోకి చూడలేదు.

పుంటికూర

భోజనానికి ఇంటికి వెళ్ళాం. గంగామణి అత్తగారు భీమవ్వ. డెబ్భై దాటాయి, మెడలో తులసి మాల. ఏటా ఆషాఢంలో విఠోబా దర్శనానికి పండరిపురం నడిచి వెళ్ళివస్తారు. నా పేరు అడిగి, సత్యనారాయణ అంటే సంతోషించి, పీట వేయించారు. జొన్నరొట్టె, పప్పు, పుంటికూర. పుంటికూర అంటే మా గోంగూరే. ప్రాణం లేచొచ్చి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఏదో లోటు. మళ్ళీ పెట్టుకున్నాను. వెల్లుల్లి లేదు. పప్పులోనూ లేదు.

గోంగూరలో వెల్లుల్లి వేయరా అక్కా అని అడిగేశాను. ఆవిడ నవ్వారు. “దేవుని పేరు పెట్టుకొని చాతుర్మాసంల ఎల్లిగడ్డ అడుగుతున్నవా తమ్మీ?” తొలి ఏకాదశి నుంచి కార్తికం దాకా నాలుగు నెలలు మాల వేసుకున్నవాళ్ళ ఇంట్లో ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ, వంకాయ ఉండవట.

ముద్ద చేతిలో ఉండగానే నాకు వెలిగింది. తొలి ఏకాదశి వెళ్ళి నలభై రోజులు. చెయ్యి కడుక్కుని నేరుగా మేత గదికి వెళ్ళాను. బస్తాలోంచి గుప్పెడు తీసి వాసన చూశాను. పసుపు వాసన తగిలింది. వెల్లుల్లి జాడే లేదు.

వెనకాలే వచ్చిన గంగామణి గుమ్మంలో నిలబడిపోయింది.

“అత్త ఉన్న ఇంట్ల, అత్త రోట్ల ఎల్లిగడ్డ ఎట్ల దంచుత కాకా? పసుపు ఒక్కటే ఏస్తున్న. నాలుగు నెలలే గదా, పోయినేళ్ళ లెక్కనే నిలుస్తయనుకున్న.”

నాకు కోపం వచ్చింది. మా ఊళ్ళో ఎవరూ చేయలేని తప్పు ఇది. రొయ్యల చేత కూడా చాతుర్మాసం చేయించింది! వెల్లుల్లి మంత్రం కాదు, వేసినంత మాత్రాన ఏ జబ్బూ రాదని కాదు. కానీ బురద పేరుకున్న కుంటలో ఉన్న ఒక్క కాపూ తీసేస్తే ఇంకేమవుతుంది? ఉమ్రి నుంచి వెల్లుల్లి తెప్పించి పొలంలోనే నూరుదాం, ముసలావిడకి చెప్పనక్కర్లేదు అన్నాను.

గంగామణి తల అడ్డంగా ఊపింది. “దొంగతనంగ ఎయ్య. ఏది కలిపినా నలుగురికి చెప్పి కలపాలె అని నువ్వే నేర్పినవ్.”

ఆమె గూట్లోంచి ఒక పొట్లం తీసి చూపించింది. పేరు లేదు, కంపెనీ లేదు. తెల్లపొడి. ఎవరో చెబితే మారుతి కొనుక్కొచ్చాడట, ఒక్కసారి కలుపు, పోళా గడిచిపోతుంది అని బతిమాలాడట. ఇరవై రోజులుగా మూతి కూడా విప్పకుండా గూట్లోనే ఉంచింది.

“నీ సరుకు ఎనక్కి అచ్చిననాడు నేను గట్టు మీదనే ఉన్న కాకా” అంది, చాలా మెల్లగా. “నువ్వు ఇంట్లకు పోయి తలుపేసుకున్నవ్. నాకు యాదున్నది.”

ఆ మాటకి నాకు గర్వం వేసింది. సిగ్గు కూడా వేసింది, కానీ గర్వమే ఎక్కువ. అదే పొట్లం నా చేతికొస్తే ఒక్క రాత్రి కూడా ఆగలేకపోయాను. చచ్చిన రొయ్యల్ని రోజూ ఏరుతూ ఈ పిల్ల ఇరవై రోజులు ఆగింది. నేను నేర్పిన పాఠం నా దగ్గర నిలవలేదు, ఆమె దగ్గర నిలిచింది.

మాల ఎవరి మెడలో

మరి అత్తగారికి చెప్పి అడుగు అన్నాను. ఆమెకి అంతకంటే కష్టమైన పని లేదు. కుంట తవ్వినప్పటి నుంచి భీమవ్వ ఒక్కసారీ అటు వెళ్ళలేదట. చంపడానికి పెంచే జీవాల్ని నేను చూడను అన్నారట. వద్దని మాత్రం అనలేదు. ఆ మౌనాన్ని మర్యాదగా కాపాడుకుంటూ వస్తోంది కోడలు.

సాయంత్రం గంగామణి ట్రేని తడిగుడ్డతో కప్పి ఇంటికి తెచ్చి, అరుగు మీద చింతపండులో గింజలు తీస్తున్న అత్తగారి ముందు దించింది. గుడ్డ తీసింది. తోకలు అరిగిన రొయ్యలు నాలుగు మెల్లగా కదులుతున్నాయి. ఎల్లిగడ్డ ఎందుకు ఆపిందో, ఆపాక ఏమైందో ఒక్కటీ దాచకుండా చెప్పింది. మారుతి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

భీమవ్వ చింతపండు పక్కన పెట్టి వాటిని చూశారు. తర్వాత కోడలి మీదికి తిరిగారు.

“నన్ను ఒక్క మాట అడిగినవా? మొక్కు నాది. మాల నా మెడల ఉన్నది, వీటి మెడల ఉన్నదా? రోగమచ్చిన జీవానికి తిండి బందు పెట్టుమని విఠోబా చెప్తడా? వంటింట్లకు తేకు. గట్టు మీద దంచు, తానం చేసి ఇంట్లకు రా. గంతే.”

గంగామణి ఏడ్చేసింది. నలభై రోజులు ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ కుంటని ఇంత దాకా తెచ్చారు.

చింతగింజల గంజి

వెల్లుల్లి దొరికింది, కానీ పట్టించడానికి జిగురేదీ? నా జిగురంతా నా పంచెల్లో ఉంది. గంగామణి జిగురు అయిపోయి రెండు నెలలుగా బియ్యం గంజి వాడుతోందట. గ్లాసు నీళ్ళలో నాలుగు మేత పలుకులు వేసి చూశాను. చూస్తుండగానే నీళ్ళు పచ్చబడ్డాయి. అంటే పసుపు కూడా రొయ్యల నోటికి అందకుండా నీళ్ళపాలవుతోంది. భీమవరం ఫోన్ చేసి జిగురు పంపమంటే రావడానికి నాలుగు రోజులన్నారు.

భీమవ్వ ఇదంతా చూసి, లోపలికి వెళ్ళి ఒక గొంగడి తెచ్చి నా ఒళ్ళో వేశారు. ఆవిడ పెనిమిటి నేసిందట. గట్టిగా, అట్టలా ఉంది. ఇది ఇంత బిరుసుగా ఎట్లున్నదో తెలుసా అని అడిగారు. గొంగడి నేశాక చింతగింజల గంజి పట్టిస్తారట. గింజలు వేయించి, పొట్టు తీసి, పిండి చేసి, నీళ్ళలో చిక్కగా కాస్తారు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ గంజి కాచింది ఆవిడే.

ఆ రాత్రి నానబెట్టాల్సిన బట్టలేవీ లేకపోయినా నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే గట్టు మీద మూడు రాళ్ళ పొయ్యి పెట్టాం. భీమవ్వ ఇంటి అరుగు మీదే చిక్కదనం చెప్పి పంపితే గంగామణి గంజి కాచింది. బండరాయి మీద ఎల్లిగడ్డ నూరింది. పసుపు కలిపి మేతకి పట్టించి నీడలో ఆరబెట్టాం. మళ్ళీ గ్లాసు తెచ్చాం. గంట గడిచినా నీళ్ళు తేటగానే ఉన్నాయి. పలుకు తీసి వాసన చూస్తే ఎల్లిగడ్డ గుప్పుమంది. ముప్ఫై ఏళ్ళుగా పొట్లాలు కొంటున్న నేను ఆ పలుకు పట్టుకుని చిన్నపిల్లాడిలా మారుతి ముక్కు దగ్గర పెట్టాను.

నేను కూడా ఏదో ఒకటి చెప్పకపోతే ఎలా? మేత సగానికి తగ్గించమన్నాను. అడుగు బురద నీళ్ళు మోటారు పెట్టి తోడి, అంత మేరా సన్నగా వచ్చే బోరు నీళ్ళు మెల్లగా నింపమన్నాను. తోడిన నీళ్ళు ఎక్కడికి వదలాలి అని మారుతి అడిగాడు. పసుపుకే అన్నాను. అతని మొహం విచ్చుకోవడం ఆ వారంలో అదే మొదటిసారి చూశాను. రొయ్యల పెంటతో పచ్చబడ్డ నీళ్ళకి మించిన ఎరువు ఏముంది?

మూడో రోజు ట్రేలో మేత పావు వంతు మిగిలింది. అయిదో రోజు ట్రే ఖాళీ. చచ్చేవి తగ్గాయి, ఆగలేదు. అసలు సంగతి అమావాస్యకి తేలుతుంది. అమావాస్యకీ పున్నమికీ రొయ్యలు పాత గుల్ల విడుస్తాయి. కొత్త గుల్ల మచ్చ లేకుండా వస్తే గట్టెక్కినట్టే.

పోళా

పోళా నాడు పల్లె పల్లెంతా ఎడ్లదే. కొమ్ములకి రంగులు, వీపున రంగుల దుప్పట్లు, మెడలో గజ్జెలు. మారుతి ఆ తెల్లపొడి పొట్లాన్ని దుకాణంలో తిరిగి ఇచ్చేశాడు. డబ్బు ఇవ్వం, బదులు వేరే వస్తువు తీసుకుపో అన్నారట. ఎడ్లకి కొత్త గజ్జెల పట్టీలు తెచ్చాడు. ఇంట్లో పూరణ్ పోళీలు, మా బొబ్బట్లకి అక్కగార్లు. పైన నెయ్యి కాదు, గిన్నెడు పాలు పోస్తారు.

అవన్నీ మొదలవక ముందే, పొద్దు పొడిచీ పొడవకుండానే గంగామణి ట్రే లాగింది. ట్రే నిండా ఖాళీ గుల్లలు. గాజు కాగితంలా పల్చగా, నల్లమచ్చలతో సహా విడిచేసినవి. వాటి మధ్య మెత్తటి కొత్త గుల్లలతో రొయ్యలు. ఆమె ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని, నా చెరువు గట్టు మీద కూర్చున్నట్టే గొంతుక్కూర్చుని, తిప్పి తిప్పి చూసింది. మచ్చ లేదు. అరిగిన తోక అంచున లేత నీలం రంగు చిగురుస్తోంది. నాలుగు ట్రేలూ లాగాం. అన్నిట్లోనూ ఒకటో రెండో తప్ప అదే మాట.

వెనక అలికిడైతే చూశాం. భీమవ్వ. చేతిలో ఎడ్లకి బొట్టు పెట్టే పళ్ళెం. ఆ గట్టు మీదికి ఆవిడ రావడం అదే మొదలు. ఎల్లిగడ్డ వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కోడలి అరచేతిలోకి వంగి చూశారు. పళ్ళెంలోంచి కుంకుమ తీసి గట్టు మీది కర్రకి బొట్టు పెట్టారు.

“మారుతీ, కుంట నీళ్ళు ముట్టకు” అన్నారు. వచ్చిన దారినే ఎడ్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

తిరిగొచ్చాక

వచ్చేటప్పుడు నా సంచిలో చింతగింజలు పోసి, మూతి కుట్టేసింది గంగామణి. నీళ్ళ సీసా మాత్రం చేతిలో పట్టుకోమంది. ఈసారి ఉమ్రిలో ఎక్కి సికింద్రాబాద్ దాకా రెప్ప వేయలేదు.

పోయిన వారం నా చెరువులో నీళ్ళు పెట్టాను. ఎండగట్టాక మళ్ళీ నీళ్ళు చూడని చెరువు. పిల్ల రొయ్యలు ఇంకా రాలేదు గానీ, చెయ్యి తిరగాలని గట్టు మీద పొయ్యి పెట్టి గంజి కాస్తున్నాను. టీ కొట్టు దగ్గర నవ్వినవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి కుండలోకి తొంగిచూస్తున్నారు. ఇందులో ఏం కలుపుతున్నానో అడిగిన ప్రతివాడికీ చెబుతున్నాను. చింతగింజలు, వెల్లుల్లి, పసుపు. ఇంకేమీ లేదు, కావాలంటే పరీక్ష చేయించుకోండి అని.

ఇదంతా ఎక్కడ నేర్చావు సత్యం అని నిన్న ఒకాయన అడిగాడు. నాందేడ్‌లో అన్నాను.

“అక్కడ నాకు పని నేర్పిన అమ్మాయి ఉంది.”